పర్మినెంటోళ్ళు బయటికొచ్చిన వారం

2023 ఏప్రిల్ 9. ఆ రోజు ఆదివారం, ఈస్టర్ పండగ. న్యూజెర్సీలో బంధువులు వచ్చిన ఇళ్ళల్లో ఇంకా కబుర్లు సాగుతూండగానే రట్గర్స్ విశ్వవిద్యాలయం అధ్యాపకులకి కబురు అందింది. రేపు పొద్దున్నుంచి సమ్మె.

హైలాండ్ పార్క్‌లో నలుగురు కలిసి ఉంటున్న అద్దె ఇంట్లో ఒక వరంగల్ కుర్రాడు దిద్దుతున్న ల్యాబ్ రిపోర్టుల కట్ట పక్కన పెట్టి ఇంటికి ఫోన్ చేశాడు. అక్కడ తెల్లవారి ఆరున్నర. తండ్రి వాకిట్లో ఉన్నాడు.

“బాపూ, రేపటి సంది మా దగ్గర క్లాసులు బంద్.”

“ఎందుకు బిడ్డా, మళ్ళ కరోనానా?”

“కాదు. సమ్మె.”

అవతల కాసేపు సప్పుడు లేదు.

“నువ్వు గూడ పోతున్నవా?”

“పోవాలె. నేను గూడ యూనియన్ల ఉన్న గద.”

“వీసా మీద పోయినోనివి. ముందట నిలబడకు, ఫొటోలల్ల పడకు. ఇంతకూ ఎవలు చేస్తున్నరు? మీ అసొంటి పిల్లలేనా?”

“అందరు బాపూ. మా గైడ్ గూడ. ముప్ఫై ఏండ్ల సర్వీసు ఆయనది.”

“పర్మినెంటోళ్ళా?” తండ్రి గొంతు మారింది. “పర్మినెంటోళ్ళు గూడ బయటికొస్తున్నరా?”

ఆ తండ్రి పద్దెనిమిదేళ్ళుగా తెలంగాణలోని ఒక విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్. పీహెచ్‌డీ ఉంది. రెగ్యులర్ వాళ్ళు చెప్పే పాఠాలే చెబుతాడు, వాళ్ళు దిద్దే పేపర్లే దిద్దుతాడు. జీతం మాత్రం వాళ్ళది కాదు. ఆయన కూడా సమ్మెలు చేశాడు. పరిపాలనా భవనం ముందు టెంటు, కింద జంపఖానా, వెనక బ్యానరు. రెగ్యులర్ ఆచార్యులు టెంటు దగ్గరికి వచ్చేవారు. సంఘీభావం ప్రకటించేవారు, రెండు మాటలు మాట్లాడేవారు, టీ తాగేవారు. బెల్లు మోగగానే క్లాసుకి వెళ్ళిపోయేవారు.

పాఠకులకి ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఈ తండ్రీకొడుకులూ, ముందు ముందు రాబోయే ఒక టీచరమ్మా నేను అల్లుకున్న పాత్రలు. ఇలాంటి బతుకులు చాలా ఉన్నాయి కనుక పోగేసి ముగ్గుర్ని చేశాను. మిగతా పేర్లూ తేదీలూ అంకెలూ నిజమైనవే.

* * *

మనవాళ్ళకి ఎడిసన్ తెలుసు. అక్కణ్ణుంచి ట్రెంటన్ వైపు వెళ్ళే రైలెక్కితే పక్క స్టేషనే న్యూ బ్రన్స్‌విక్, రట్గర్స్ ఊరు. అమెరికా అనే దేశం ఏర్పడడానికి పదేళ్ళ ముందు, 1766లో, క్వీన్స్ కాలేజీ పేరుతో మొదలైన చదువుల బడి ఇది. ఇప్పుడు న్యూజెర్సీ రాష్ట్ర విశ్వవిద్యాలయం. న్యూ బ్రన్స్‌విక్, న్యూఆర్క్, క్యామ్డెన్ అని మూడు క్యాంపస్‌లు. విద్యార్థులు 67 వేల మంది దాకా ఉంటారు. ఇన్నేళ్ళలో అధ్యాపకులు పాఠం ఆపి బయటికి వచ్చింది లేదు. 2019లో అంత పనీ అయ్యేదే. ముహూర్తానికి కొద్దిగా ముందు రాజీ కుదిరి ఆగింది.

257 ఏళ్ళు లేని సమ్మె ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆ విశ్వవిద్యాలయంలో పాఠం ఎవరు చెబుతున్నారో చూడాలి. పైమెట్టు మీద టెన్యూర్ ఉన్న ప్రొఫెసర్లు. మన లెక్కలో పర్మినెంటు. తప్పు చేస్తే తప్ప తీసేసే వీల్లేదు. వాళ్ళ కింద టెన్యూర్ లేకుండా కొన్నేళ్ళ కాంట్రాక్టు మీద పూర్తికాలం పనిచేసేవాళ్ళు. ఆ కింద పీహెచ్‌డీ ముగించి పరిశోధనలో ఉన్న పోస్ట్‌డాక్‌లు, పీహెచ్‌డీ చేస్తూ ల్యాబులు నడిపే, పేపర్లు దిద్దే టీఏలు. టీఏ జీతం అప్పట్లో ఏడాదికి 30 వేల డాలర్ల చిల్లర. రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోకండి. దేశంలోనే ఖరీదైన రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఒకటి. అద్దె కట్టాక మిగిలేదాంతో నెల గడవడం కష్టం. అందుకే ఆ ఇంట్లో నలుగురు.

అడుగు మెట్టు అడ్జంక్ట్‌లది. మన కాలేజీల్లో గంటల లెక్కన చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీ లాంటివాళ్ళు. ఒక సెమిస్టర్‌లో ఒక కోర్సు చెబితే అప్పట్లో సుమారు ఆరు వేల డాలర్లు. వచ్చే సెమిస్టర్‌కి కాగితం వస్తే ఉద్యోగం ఉన్నట్టు. రాకపోతే ఎవరూ పిలిచి చెప్పరు. ఆరోగ్య బీమా సంగతి మరీ విచిత్రం. రాష్ట్ర ఉద్యోగుల పథకంలో చేరడానికి పార్ట్‌టైమ్ అధ్యాపకులకి చట్టం తలుపు తీసింది. కాకపోతే ప్రీమియం మొత్తం వాళ్ళే కట్టుకోవాలి, యాజమాన్యం వాటా ఏమీ ఉండదు. ఆరు వేల కోర్సులు రెండు మూడు చెప్పుకునే మనిషి అమెరికాలో బీమా పూర్తి ధరకి కొనుక్కోవడమంటే ఏమిటో అక్కడ ఆస్పత్రి బిల్లు ఒక్కటి చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

పాత ఒప్పందం గడువు 2022 జూన్ 30తో తీరింది. సరిగ్గా ఆ నెలలోనే అమెరికాలో ధరల పెరుగుదల 9.1 శాతానికి చేరింది. నలభై ఏళ్ళలో అంత ఎప్పుడూ లేదు. కొత్త ఒప్పందం లేదు కనుక జీతం పాతదే. పాలు, పెట్రోలు, అద్దె కొత్తవి. వేసవి పోయింది, చలికాలం పోయింది, చర్చల బల్ల దగ్గర కాగితాలు మారుతూనే ఉన్నాయి.

రట్గర్స్‌లో అధ్యాపకుల సంఘాలు మూడు. పూర్తికాలం వాళ్ళకీ టీఏలకీ పోస్ట్‌డాక్‌లకీ ఒకటి, అడ్జంక్ట్‌లకి ఒకటి, వైద్య విభాగాల వాళ్ళకి ఒకటి. యాజమాన్యాలకి ఇది సుఖమైన ఏర్పాటు. మొదట పెద్దవాళ్ళతో సంతకం పెట్టించుకుంటే చిన్నవాళ్ళు ఒంటరివాళ్ళవుతారు, తర్వాత ఎంతిస్తే అంత పుచ్చుకుంటారు. ఈసారి ఆ పప్పులు ఉడకలేదు. మూడు సంఘాలూ ఒక్క మాట మీదికి వచ్చాయి. పూర్తికాలం వాళ్ళ సంఘానికి అప్పటి అధ్యక్షురాలు రెబెకా గివన్, కార్మిక సంబంధాలు బోధించే ప్రొఫెసర్. అడ్జంక్ట్‌ల సంఘానికి ఏమీ హైగర్, తనే ఒక పార్ట్‌టైమ్ లెక్చరర్. కింది మెట్టువాళ్ళ జీతం, వాళ్ళ ఉద్యోగ భద్రత తేలకుండా పైమెట్టువాళ్ళ ఒప్పందం తేలదు అన్నది వాళ్ళ పట్టు. మార్చిలో సమ్మెకి అనుమతి అడిగితే ఓటేసినవాళ్ళలో 94 శాతం సరేనన్నారు.

యాజమాన్యం వైపు మాట కూడా వినాలి. రాష్ట్రం ఇచ్చే డబ్బు ఖర్చులో కొంతకే సరిపోతుంది, మిగతాది పిల్లల ఫీజుల నుంచి రావాలి, జీతాలు పెంచితే ఆ బరువు పిల్లల మీదే పడుతుంది అన్నారు. తీసిపారేయదగ్గ మాట కాదు. కానీ అదే విశ్వవిద్యాలయం 2019 చివర్లో ఫుట్‌బాల్ కోచ్ గ్రెగ్ షియానోకి ఎనిమిదేళ్ళకి 3 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందం రాసింది. ఏడాదికి 40 లక్షలు. అడ్జంక్ట్ టీచరు ఆ మొత్తం సంపాదించాలంటే 600 పైచిలుకు కోర్సులు చెప్పాలి. ఈ లెక్క నేను వేసిందే, ఎవరైనా వేసుకోవచ్చు. ఇలాంటి లెక్కలు చేతిలో ఉన్నప్పుడు డబ్బు లేదన్న మాట ఎవరి చెవికీ ఎక్కదు.

* * *

సోమవారం పొద్దున కాలేజ్ అవెన్యూ. అమెరికాలో కాలేజీ జట్ల మధ్య మొట్టమొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ 1869లో జరిగింది ఈ వీధి పక్కనే. ఆ రోజు అక్కడ వేరే గుంపు ఉంది. భవనాల ముందు చేతుల్లో అట్టలు పట్టుకుని గుండ్రంగా నడుస్తున్నారు. పికెటింగ్ అంటే అదే. మనలా కూర్చోరు, తిరుగుతూనే ఉంటారు. డప్పులున్నాయి, బాకాలున్నాయి. సంగీతం చెప్పేవాళ్ళు సమ్మె చేస్తే ఇంకేం ఉంటాయి?

వైద్య విభాగాల వాళ్ళు రోగుల్ని వదిలి రాలేదు. అత్యవసర వైద్యం, ఆపితే పాడైపోయే పరిశోధన కొనసాగించి తక్కిన పని ఆపారు. మూడు సంఘాలూ కలిపి 9 వేల మంది.

మన కుర్రాడు వెనక వరసలో, టోపీ కిందికి లాక్కుని నడుస్తున్నాడు. తండ్రి మాట గుర్తుంది. రెండు చుట్లు తిరిగేసరికి పక్కనొకావిడ అందుకుంది. యాభై దాటి ఉంటాయి. ఇంగ్లీషు వ్యాసరచన చెబుతుందట. రట్గర్స్‌లో రెండు కోర్సులు, ఇంకో రెండు కాలేజీల్లో చెరొకటి. మధ్యలో కారు. కారు దగ్గరికి తీసుకెళ్ళి డిక్కీ తెరిచి చూపించింది. మూడు సంచులు, ఒక్కో కాలేజీకి ఒకటి, పైన రంగు రిబ్బన్లు, పేపర్లు కలిసిపోకుండా. పక్కన చలికోటు, బిస్కట్ల డబ్బా, రెండో జత బూట్లు.

“ఆఫీసు గది లేదా మీకు?” అన్నాడు.

“ఇదే” అంది డిక్కీ మూస్తూ. “పిల్లలు సందేహాలడిగితే కారిడార్‌లో నిలబడి చెబుతాను. పదమూడేళ్ళుగా.”

“మరి మీకు వచ్చే సెమిస్టర్ కాగితం ఆపేస్తే?”

“ఆపేస్తారనే ఇన్నేళ్ళూ నోరెత్తలేదు.” ముందు నడుస్తున్న ఒక ముసలి ప్రొఫెసర్‌ని చూపించింది. “ఆయన్ని ఎవరూ తీసెయ్యలేరు. ఆయన ఇక్కడున్నాడు కనుక నేనూ ఇక్కడున్నాను.”

తొమ్మిది వేల మంది బయటికి రావడంలో ఉన్న కిటుకు ఇంతే. అడ్జంక్ట్‌లు మాత్రమే సమ్మె చేస్తే వాళ్ళ బదులు ఇంకొకరిని పిలవడం ఒక ఈమెయిల్ పని. టీఏలు మాత్రమే చేస్తే గైడ్ కన్నెర్ర చాలు. టెన్యూర్ ఉన్నవాడు తన టెన్యూర్‌ని వాళ్ళకి అడ్డం పెట్టినప్పుడు బెదిరించడానికి ఎవరూ మిగలరు. ఆ భద్రత దాచుకోవడానికి కాదు, ఇలాంటి రోజున ఖర్చుపెట్టడానికి అని తెలిసినవాళ్ళు ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయంలోనైనా తక్కువే. మన దగ్గర ఇంకా తక్కువ.

* * *

రట్గర్స్‌కి అప్పటి అధ్యక్షుడు జోనథన్ హాలోవే స్వయంగా చరిత్రకారుడు. నల్లజాతి అమెరికన్ల చరిత్ర మీద పుస్తకాలు రాశాడు. ఆ విశ్వవిద్యాలయానికి మొదటి నల్లజాతి అధ్యక్షుడు. అటువంటి మనిషి, ప్రభుత్వ ఉద్యోగుల సమ్మె చట్టవిరుద్ధమని, కోర్టుకి వెళ్ళి ఆపించే మార్గం ఉందని సూచించడం చాలామందికి రుచించలేదు. న్యూజెర్సీలో అలాంటి సమ్మెని నిషేధిస్తూ శాసనం లేదు. కోర్టులు మాత్రం వెనకటి నుంచీ ఒప్పుకోవడం లేదు. ఆపమని కోర్టు ఇంజంక్షన్ ఇచ్చాక కూడా వీధిలో ఉంటే కోర్టు ధిక్కారం, జరిమానాలు. దేశం నలుమూలల నుంచి పండితులు ఆయనకి బహిరంగ లేఖ రాశారు, కోర్టుకి వెళ్ళొద్దని. సంతకాలు పెట్టినవాళ్ళలో ఆయన తోటి చరిత్రకారులూ ఉన్నారు.

అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ మధ్యలోకి వచ్చాడు. డెమొక్రాట్, పూర్వాశ్రమంలో గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకరు. రెండు పక్షాలనీ ట్రెంటన్‌లోని తన కార్యాలయానికి వచ్చి కూర్చోమన్నాడు. హాలోవేని కోర్టు మెట్లెక్కకుండా ఆగమన్నాడు. ఆయన ఆగాడు.

బేరం మొదలయ్యేనాటికి బల్ల మీద ఉన్న యాజమాన్యం అంకెలు ఇవి. పూర్తికాలం వాళ్ళకీ టీఏలకీ 2025 జూలై నాటికి 12 శాతం, మొదటి రెండేళ్ళలో కొంత ఏకమొత్తం. అడ్జంక్ట్‌లకి నాలుగేళ్ళలో 20 శాతం. ధరలే ఒక్క ఏడాదిలో తొమ్మిది శాతం పెరిగిన కాలంలో నాలుగేళ్ళకి పన్నెండు!

బుధవారం రాత్రి కుర్రాడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఆ వారం ఏప్రిల్‌లోనే వేసవి ఎండ కాసింది. మెడ కమిలిపోయింది.

“ఏమాయె బిడ్డా?”

“గవర్నర్ పిలిచిండు బాపూ. మాట్లాడుతున్నరు.”

“మాట్లాడుతనే ఉంటరు. మా దగ్గర కమిటీ ఏస్తరు, మీ దగ్గర గవర్నర్ పిలుస్తడు.” నవ్వాడు. “ఒకటి చెప్పు. మీ పర్మినెంటోళ్ళకు ఇప్పటికే పన్నెండు ఇస్తమన్నరు గద. ఇంకో రెండో మూడో వస్తయి. గంత దానికి వాళ్ళెందుకు ఎండల తిరుగుతున్నరు?”

కుర్రాడి దగ్గర సమాధానం లేదు. డిక్కీలో మూడు సంచుల సంగతి చెప్పాడు. తండ్రి మధ్యలో ఒక్క మాట కూడా అడ్డురాకుండా మొత్తం విన్నాడు. “నాకూ ఇంట్ల అసొంటి సంచి ఉన్నది” అని పెట్టేశాడు.

* * *

శుక్రవారం అర్ధరాత్రి దాటే వేళకి ట్రెంటన్ నుంచి వార్త వచ్చింది. ఒప్పందానికి చట్రం కుదిరింది. సమ్మె ఆగింది. ఆగింది అంటే ముగిసిందని కాదు. సంఘాలు వాడిన మాట తాత్కాలిక విరమణ. మిగిలిన అంశాలు తేలకపోతే మళ్ళీ వీధిలోకి రావొచ్చని అర్థం. అందరూ ఎగిరి గంతేశారని అనుకోకండి. కాగితం మీద ఇంకా అన్నీ రాలేదు, ఇప్పుడే ఎందుకు ఆపాలి అని వాదించినవాళ్ళున్నారు. వైద్య విభాగాల సంఘం చర్చలు ఇంకా తెగలేదు. ఊపు మీదున్న సమ్మెని ఆపడం ప్రారంభించడం కంటే కష్టమని మన ఆర్టీసీ కార్మికుల్ని అడిగినా చెబుతారు. అయినా సోమవారం, 17వ తేదీన క్లాసులు మొదలయ్యాయి.

తేలిన లెక్క చూడండి. పూర్తికాలం అధ్యాపకులకి 2025 జూలై నాటికి కనీసం 14 శాతం. అంటే ముందు ఇస్తామన్నదాని మీద రెండు. పోస్ట్‌డాక్‌ల కనీస జీతం 27.9 శాతం పెరిగింది. టీఏల జీతం ఒప్పందం ముగిసేలోగా 40 వేల డాలర్లకి చేరాలి. అడ్జంక్ట్‌లకి 43.8 శాతం. ముందు ఇస్తామన్నది 20. పైగా ఎక్కువ కాలం పనిచేసినవాళ్ళకి సెమిస్టర్ సెమిస్టర్‌కీ కాగితం కోసం ఎదురుచూసే అవస్థ లేకుండా ఒకటి కంటే ఎక్కువ సెమిస్టర్ల నియామకాలు.

ఐదు రోజులు అందరూ ఒకే ఎండలో తిరిగారు. పైమెట్టువాడికి రెండు శాతం, అడుగు మెట్టువాడికి దాదాపు ఇరవై నాలుగు శాతం అదనంగా వచ్చాయి. నా మటుకు నాకు ఈ గాథంతా ఈ రెండంకెల మధ్య దూరంలోనే ఉంది.

రానివీ ఉన్నాయి. యాజమాన్యం ప్రీమియం కట్టే ఆరోగ్య బీమా అడ్జంక్ట్‌లకి దక్కలేదు. రాష్ట్ర పథకం నిబంధనలు శాసనసభ చేతిలో ఉన్నాయి, ఒక విశ్వవిద్యాలయం చర్చల గదిలో తేలేవి కావు. 43.8 శాతం కలిపాక కూడా అడ్జంక్ట్ అడ్జంక్టే. ఆ టీచరమ్మ మూడో సంచి ఇంకా దించలేదనే అనుకుంటాను.

* * *

అదే ఏప్రిల్ 30న హైదరాబాద్‌లో కొత్త సచివాలయం ప్రారంభమైంది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ తన కొత్త గదిలో సంతకం పెట్టిన ఫైళ్ళలో ఒకటి 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ. అందులో సగానికి పైగా, 2,909 మంది, జూనియర్ కాలేజీ లెక్చరర్లు. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇళ్ళల్లో ఆ రాత్రి స్వీట్లు పంచుకున్నారు.

ఈసారి ఫోన్ చేసింది తండ్రి.

“మా దోస్తులకు ఆర్డర్లొచ్చినయ్ బిడ్డా. జూనియర్ కాలేజోళ్ళకు, పాలిటెక్నికోళ్ళకు, డిగ్రీ కాలేజోళ్ళకు.”

“మరి మీకు?”

“యూనివర్సిటోళ్ళం లిస్టుల లేము.” కాస్త ఆగాడు. “పొద్దున మా డిపార్ట్‌మెంట్ల సార్ కలిసిండు. చాన బాధపడ్డడు. మీకు అన్యాయం జరిగింది, మేం మీ వెనక ఉన్నం అన్నడు.”

“నువ్వేమన్నవ్?”

“వెనక కాదు సార్, జర ముందటికి రమ్మన్న. నవ్విండు.”

మే నెలలో రట్గర్స్ సంఘాల సభ్యులు కొత్త ఒప్పందాల మీద ఓటేశారు. తొంభై శాతం పైగా ఆమోదించారు. ఆ సెమిస్టర్ పరీక్షలు జరిగాయి, పట్టాలు ఇచ్చారు. మరుసటి ఏడాది హాలోవే పదవి వదులుకుంటున్నట్టు ప్రకటించి, 2025లో దిగిపోయాడు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయాల కాంట్రాక్టు అధ్యాపకులు మళ్ళీ సమ్మెకి దిగారు. యూజీసీ జీతం కావాలి, మమ్మల్ని క్రమబద్ధీకరించాలి అన్నవి అప్పటి డిమాండ్లు. కొత్తవేమీ కావు.

రట్గర్స్ ఒప్పందం గడువు 2026 జూన్ 30. ఆ తర్వాత వాళ్ళు మళ్ళీ బల్ల ముందు కూర్చోవలసిందే. మన దగ్గర అలా గడువున్న ఒప్పందమే లేదు, టెంటు మాత్రమే ఉంది. ఈసారి మీ ఊరి విశ్వవిద్యాలయం ముందు ఆ టెంటు కనబడితే, లోపల రెగ్యులర్ వాళ్ళ క్లాసులు నడుస్తున్నాయో లేదో కూడా కనుక్కోండి.